ఆంధ్రకేసరి ప్రకాశము పంతులుగారు – ఓట్ల లెక్కయందు వారి నడవడి

అమీన్‌పూరునందు జరుగుచున్న మన సంఘ వార్షిక మహాసభ సందర్భమున వెలువడు ఈ సంచికకు, మన నియోగి కులమున జన్మించి తెలుగువారికందరికిని పూజ్యులైన టంగుటూరి ప్రకాశము పంతులుగారి జీవితమును సంగ్రహముగా వ్రాసి సమర్పించుచున్నాము. పంతులుగారి ధైర్యమును, త్యాగమును మన సభ్యులు, పోషకులు అనేక పర్యాయములు వినియున్నారు. కావున మేము వారి జీవితమును వేఱొక దృష్టితో చూడ సాహసించితిమి. స్వల్ప సంఖ్యాభేదముచే గెలుపోటములు నిర్ణయమైనపుడు మనుష్యుడు ఎట్లు నడుచుకొనవలెనో వారి చరిత్రమువలన తెలియగలదు. ఈ విషయమును ఈ ఊర ముచ్చటించుటకు కారణము లేకపోలేదు. అమీన్‌పూరు 2018లో పురపాలక సంఘమయ్యెను. 2020 జనవరి 22వ తేదీన ఇచ్చట వార్డులకు కాగితపు ఓట్లతో ఎన్నిక జరిగెను. 25వ తేదీన లెక్కింపు జరిగెను. పటాన్‌చెరువు, సంగారెడ్డి ప్రాంతముల కర్మాగారముల నిమిత్తము నానా జిల్లాలనుండి వచ్చి స్థిరపడినవారు ఒకే వార్డులో ఓటర్లుగా నుండు ఇట్టి చోట్ల, గెలుపోటములకు నడుమ కొద్ది కాగితములే నిలుచుట అరుదు కాదు.

ప్రకాశముగారు 1872 ఆగస్టు 23వ తేదీన ఒంగోలు సమీపమున వినోదరాయునిపాలెమందు జన్మించిరి. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. బాల్యముననే తండ్రి గతించుటచే సంసారభారమంతయు తల్లిపై బడెను. ఆ సాధ్వి ఒంగోలులో పూటకూళ్ల యిల్లు నడపి బిడ్డలను పోషించెను. మంచి కుటుంబమున బుట్టిన స్త్రీ పరులకు వండి వడ్డించి జీవించుటను ఆ కాలమున లోకము చిన్నచూపు చూచెడిది. ఆమె దానిని సరకుగొనక కుమారుని చదివించెను. బాలుడు తెలివిగలవాడే కాని అల్లరివాడు. నాటకములన్నచో ప్రాణము పెట్టువాడు.

అట్టి బాలుని చేరదీసి త్రోవ చూపినవారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయులు. ఆయన రాజమహేంద్రవరమునకు తరలునపుడు శిష్యునిగూడ వెంటదీసికొనిపోయి, పై చదువులకు సాయపడిరి. కుల సంచికలో వ్రాయుచు ఈ సంగతి మరువరాదు. మనవారని మనము గర్వించు మహనీయుని మనిషిగా తీర్చినది మన కులమువారు కారు.

ప్రకాశముగారు మద్రాసులో న్యాయశాస్త్రము చదివి, ద్వితీయశ్రేణి ప్లీడరు పరీక్షయందు కృతార్థులై, కొలదికాలము ఒంగోలునను, పిదప రాజమహేంద్రవరమునను వృత్తి సాగించిరి. అచ్చట వారికి ధనమును, పేరును త్వరలోనే సమకూడెను. ముప్పదియేండ్లు దాటిన కొలదికాలమునకే వారు ఆ పట్టణ పురపాలక సంఘమునకు అధ్యక్షులైరి.

ఆనాటి పురపాలక ఎన్నికల రీతిని ఇచ్చట కొంచెము తెలుపవలెను. 1884వ సంవత్సరపు మద్రాసు జిల్లా పురపాలక చట్టముననుసరించి సభ్యులలో కొందరిని ప్రభుత్వము నియమించెడిది. కొందరిని పన్ను చెల్లించు పురజనులు ఎన్నుకొనెడివారు. ఓటుహక్కు గలవారు మిక్కిలి కొద్దిమంది. అధ్యక్షుని ఎన్నుకొనువారు సభ్యులే. కావున అధ్యక్షపదవి గుప్పెడుమంది అభిప్రాయముపై ఆధారపడెడిది. ఒక సభ్యుడు పక్షము మార్చినను, సభకు రాకున్నను ఫలితము తలక్రిందులగుచుండెను. ధనవంతులకును, జమీందారులకును పలుకుబడిగల పట్టణమున, పూటకూళ్ల యింటి బిడ్డ ఆ పీఠమునెక్కుట సామాన్య విషయము కాదు.

ద్వితీయశ్రేణి ప్లీడరుకు ఉన్నత న్యాయస్థానమున వాదించు నధికారము లేనందున, ప్రకాశముగారు 1904లో ఇంగ్లండుకేగి, బారిస్టరై 1907లో తిరిగివచ్చిరి. లండనులో నున్నపుడు వారు దాదాభాయి నౌరోజీగారి ఎన్నిక నిమిత్తము పనిచేసిరి. ఆ వృద్ధుని పూర్వచరిత్రము మన విషయమునకు మిక్కిలి సంబంధించినది. 1892లో నౌరోజీగారు లండను నగరమున సెంట్రల్ ఫిన్స్‌బరీ స్థానమునుండి పార్లమెంటునకు పోటీచేసిరి. ఓట్లు లెక్కింపగా వారికి వచ్చిన ఆధిక్యము 3 ఓట్లు మాత్రమే. మరల లెక్కింపగా అది 5 అయ్యెను. ఓడిన పెంటన్ అను అభ్యర్థి ఫలితముపై అభ్యర్జి దాఖలు చేసెను గాని తుదకు విరమించుకొనెను. ఆ అయిదు ఓట్ల బలముతో ఒక భారతీయుడు బ్రిటిషు కామన్సు సభలో కూర్చుండి మన దేశపు పేదరికమును గూర్చి మాట్లాడగలిగెను. 1895లో ఆయన ఓడిరి. 1906లో నార్తు లాంబెత్‌నందు మరల నిలిచి ఓడిరి. ప్రకాశముగారు లండనులో నున్న కాలమున జరిగిన ఎన్నిక ఇదియే. ఓటమి నిశ్చయమైనను చేయదగిన పనిని చేయవచ్చునని ఆ వృద్ధుని జీవితము తెలుపుచున్నది.

మద్రాసునకు వచ్చిన పిదప పంతులుగారు బారిస్టరుగా విశేష ధనమార్జించిరి. 1921లో వృత్తిని విడిచి, స్వరాజ్య అను ఆంగ్ల దినపత్రికను స్థాపించి, తమ ఆస్తియంతయు దానికే ధారవోసిరి. 1928 ఫిబ్రవరి 3వ తేదీన సైమను సంఘమును బహిష్కరించు సందర్భమున, మద్రాసులో తుపాకి యెత్తిన పోలీసుల యెదుట ఱొమ్ము చూపి నిలిచిరి. అప్పటినుండి ప్రజలు వారిని ఆంధ్రకేసరియని పిలువసాగిరి. 1937లో రాజాజీగారి మంత్రివర్గమున రెవెన్యూ మంత్రియై, జమీందారీ రైతుల కష్టములను విచారించు సంఘమునకు అధ్యక్షత వహించిరి.

ఇక శాసనసభాపక్షపు లెక్కలకు వత్తము. 1946 ఎన్నికల పిదప మద్రాసు రాష్ట్రపు ప్రధానిపదవికి కాంగ్రెసు పెద్దలు రాజాజీగారిని కోరిరి గాని శాసనసభాపక్షము అందులకు సమ్మతింపలేదు. ప్రకాశముగారికిని ముత్తురంగ మొదలియారుగారికిని పోటీ జరుగగా, పంతులుగారు 82 ఓట్లతో గెలిచిరి. ప్రత్యర్థికి 69 వచ్చెను. కామరాజు నాడారుగారును వారి అనుచరులును తటస్థులుగా నుండిరి. ఇట్లు తటస్థుల మౌనముపై నిలిచిన ఆధిక్యము దృఢమైనది కాదు. పంతులుగారు ఏప్రిల్ 30న పదవి స్వీకరించి, క్రొత్త బట్టల మిల్లులను వలదని, గ్రామములలో ఖద్దరును వ్యాపింపజేయ బూనిరి. పక్షమున వ్యతిరేకత పెరిగెను. 1947 మార్చిలో పక్షపు విశ్వాసమును కోల్పోయి పదవిని విడిచిరి. ఏడాదియైనను నిండలేదు. ఏ లెక్క వారిని పీఠమెక్కించెనో ఆ లెక్కయే దింపెను.

పిదప వారు కాంగ్రెసును వీడిరి. 1952 సార్వత్రిక ఎన్నికలలో మద్రాసు నగరపు హార్బరు స్థానమున నిలిచి, యు. కృష్ణారావుగారి చేతిలో ఓడిరి. ఏ నగరమున తుపాకులకు ఎదురొడ్డిరో ఆ నగరపు ఓటర్లే వారిని కాదనిరి. అప్పటికి వారి వయస్సు ఎనుబదికి సమీపించుచుండెను.

అయినను ప్రజలకు వారి అవసరము తీరలేదు. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణము జరిగెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము కర్నూలు రాజధానిగా నేర్పడగా, తొలి ముఖ్యమంత్రులుగా ప్రకాశము పంతులుగారే ప్రమాణము చేసిరి. కాంగ్రెసు వెలుపలనున్న వృద్ధుని నాయకత్వమును కాంగ్రెసువారే అంగీకరింపవలసి వచ్చెను. వారి పాలనలో 1954లో తిరుపతియందు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసెను. గుంటూరున ఉన్నత న్యాయస్థానము నెలకొనెను. 1952లో తెగిపోయిన కృష్ణ ఆనకట్టకు బదులు క్రొత్త బ్యారేజి పని మొదలయ్యెను.

ఆ ప్రభుత్వమునకు గండము మద్యనిషేధ సమస్య రూపమున వచ్చెను. మద్రాసు రాష్ట్రమునుండి సంక్రమించిన నిషేధమువలన కల్లుగీత కార్మికులు జీవనోపాధి కోల్పోయిరి. రామమూర్తి సంఘము విచారించి, నిషేధమును తొలగింపుమని సలహా యిచ్చెను. ప్రభుత్వము దానిని అంగీకరింపలేదు. గౌతు లచ్చన్నగారు గీత కార్మికుల పక్షమున ఆందోళన నడిపిరి. శాసనసభలో కమ్యూనిస్టులు బలమైన ప్రతిపక్షముగా నుండిరి. తుదకు 1954 నవంబరు 6వ తేదీన అవిశ్వాస తీర్మానము ఓటునకు వచ్చెను. తీర్మానమునకు అనుకూలముగా 69, ప్రతికూలముగా 68 ఓట్లు పడెను. ఒక్క ఓటు తేడాతో ఆంధ్రరాష్ట్రపు తొలి ప్రభుత్వము పడిపోయెను.

పాఠకులు ఇచ్చట ఒక క్షణము నిలువవలెనని మా ప్రార్థన. 140 స్థానముల సభయందు ఒక్క సభ్యుడు అటు కాక ఇటు కూర్చున్నచో, లేక ఒక్కరు రాకున్నచో, రాష్ట్ర చరిత్రము మారియుండెడిది. జీవితమంతయు దేశమునకు ధారవోసి, చివరకు ఆస్తి యేమియు మిగుల్చుకొనని ఎనుబదిరెండేండ్ల వృద్ధుడు ఆ ఒక్క ఓటునకు లోబడవలసి వచ్చెను. ఆయన వెనుక నున్న కీర్తి లెక్కకు రాలేదు. చేసిన త్యాగములు లెక్కకు రాలేదు. లెక్కకు వచ్చినవి చేతులు మాత్రమే. ఇది కఠినముగా తోచవచ్చును. కాని ఇదియే ప్రజాప్రభుత్వపు ధర్మము. మహాపురుషుని ఓటునకును, సామాన్య సభ్యుని ఓటునకును ఒకే తూకము. గీత కార్మికుని కడుపుమంట ఆ తూకము వలననే సభలోనికి రాగలిగెను. పంతులుగారిని ప్రేమించు మేముకూడ ఆ సత్యమును దాచరాదు.

నవంబరు 15వ తేదీన రాష్ట్రపతి పాలన ప్రారంభమై, 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు జరిగెను. మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రులైరి. ప్రకాశముగారు పదవి పోయినదని ప్రజలను విడువలేదు. వేసవి యెండలో ఒంగోలు ప్రాంతపు హరిజనవాడలలో తిరుగుచు వడదెబ్బ తగిలి, హైదరాబాదున ఆసుపత్రిలో చేరి, 1957 మే 20వ తేదీన పరమపదించిరి. మనము నేడు కూడియున్న ఈ ప్రాంతమునకు కొలది క్రోసుల దూరముననే ఆ సింహము కడపటి శ్వాస విడిచెను. ఆ సంవత్సరాంతమున ప్రారంభమైన కృష్ణ బ్యారేజికి వారి పేరే పెట్టిరి. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశము జిల్లా యని నామకరణము చేసిరి. ఒక్క ఓటుతో దింపబడినవాని పేరు నదిపైనను, జిల్లాపైనను నిలిచియున్నది; ఆనాటి సంఖ్యలు చరిత్ర పుటలలో మాత్రమే కలవు.

ఇక మన కర్తవ్యమును విన్నవింతుము. మన సభ్యులలో పురపాలక వార్డులకు నిలుచువారు కలరు. మన సంఘ కార్యవర్గమునకును ఎన్నికలు జరుగుచున్నవి. తేడా స్వల్పమైనపుడు అనుమానము పుట్టుట సహజము. అనుమానమునకు చట్టము త్రోవ చూపియే యున్నది. లెక్కింపుకడ అభ్యర్థి ప్రతినిధి కూర్చుండి ప్రతి కాగితమును చూడవచ్చును. గుర్తు స్పష్టముగా లేని కాగితముపై ఎన్నికల అధికారి నిర్ణయము కోరవచ్చును. ఫలితము ప్రకటింపకమునుపే మరల లెక్కింపుమని వ్రాసి యడుగవచ్చును. ఓట్లు సమానమైనచో చీటి తీయుదురు. అంతటను తృప్తి లేకున్నచో ఎన్నికల ట్రిబ్యునలునకు పిటిషను పెట్టవచ్చును. నౌరోజీగారి ప్రత్యర్థి చేసినది ఇదియే. అందు అవమానమేమియు లేదు. అవమానమంతయు లెక్కింపుశాల వాకిట కేకలువేయుటలోను, కులము పేర గుంపులు గట్టుటలోను, పొరుగువానితో పలుకుట మానుటలోను ఉన్నది. గెలిచినవాడును తనకు మిగిలిన కొద్ది ఓట్లను చూచి, తనకు ఓటు వేయనివారు ఇంచుమించు తనవారంతమంది కలరని యెఱిగి మెలగవలెను.

మన కులమువాడని మాత్రమే ఒకనికి ఓటు వేయుట ప్రకాశముగారి పేరునకు తగినది కాదు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు కులము చూచియున్నచో మనకు ఆంధ్రకేసరి లేడు. ఆ గురువర్యుని పేరను ఈ ప్రాంతపు బీద విద్యార్థులకు, ఏ కులమువారైనను సరే, ఏటేట ఒక విద్యార్థివేతనము నేర్పరుప వలసినదిగా మన పోషక మహాశయులను సవినయముగా వేడుచు, ఈ వ్యాసమును ముగించుచున్నాము.