జాన్ బన్యన్

ఇంగ్లండు దేశమున బెడ్‌ఫర్డు పట్టణమునకు సమీపమున ఎల్‌స్టో అను పల్లె కలదు. 1628వ సంవత్సరమున జాన్ బన్యన్ ఆ పల్లెయందు జన్మించెను. తండ్రి పాత్రలకు మాట్లు వేసి జీవించువాడు. కుమారుడును కొలదిపాటి చదువుతో బడి మాని ఆ వృత్తినే చేపట్టెను. పదునారవ యేట పార్లమెంటు సైన్యమున చేరి, కొంతకాలమునకు ఇల్లు చేరి వివాహమాడెను. ఆ పేద యిల్లాలు తెచ్చిన అరణము రెండు భక్తిగ్రంథములు మాత్రమే.

ఆ గ్రంథములు ఆయన హృదయమున కలవరము రేపినవి. పెక్కేండ్లు తన పాపములను గూర్చి వేదనపడి, తుదకు దైవకృపయందు శాంతి పొందెను. బెడ్‌ఫర్డులోని ఒక స్వతంత్ర క్రైస్తవ సంఘమున చేరి పల్లెలయందు బోధింపసాగెను. విద్వాంసుడు కాకపోయినను ఆయన పలుకు సామాన్యుల మనస్సులకు సూటిగా తగులుచుండెను.

1660లో రెండవ చార్లెస్ రాజయ్యెను. రాజ్యము అంగీకరించిన సంఘమునకు వెలుపల సభలు జరుపువారిపై పాత చట్టమును మరల ప్రయోగించిరి. ఆ నవంబరు 12వ తేదీన ఒక పల్లెలో ప్రార్థనసభ జరుపుచుండగా బన్యన్‌ను నిర్బంధించిరి. వారంటు సంగతి ముందే తెలిసినను, తాను పారిపోయినచో క్రొత్తగా విశ్వసించినవారు అధైర్యపడుదురని తలచి ఆయన కదలలేదు.

మొదట విధించిన శిక్ష మూడు నెలలే. అటుపిమ్మటను బోధ మానక, రాజసంఘపు ఆరాధనకు రానిచో దేశబహిష్కారము. అనుమతి లేక తిరిగివచ్చినచో ఉరి. బన్యన్ లొంగలేదు. ఆయనను దేశమునుండి వెడలగొట్టలేదు గాని, చెర పండ్రెండేండ్లు సాగెను.

మొదటి భార్య అంతకుముందే మరణించెను. రెండవ భార్య ఎలిజబెత్తు గర్భవతి. భర్త నిర్బంధవార్త విన్న దిగులుచే ఆమెకు అకాలప్రసవమై శిశువు దక్కలేదు. సవతిబిడ్డలు నలుగురును ఆమె పోషణలో నుండిరి. వారిలో పెద్దదియగు మేరీ పుట్టుగ్రుడ్డి. ఎలిజబెత్తు 1661లో న్యాయాధిపతుల యెదుట నిలిచి భర్త పక్షమున ధైర్యముగా వాదించెను. మాథ్యూ హేల్ అను న్యాయాధిపతి జాలిపడెను గాని విడుదల కలుగలేదు.

ఒక్క మాట యిచ్చినచో ఇల్లు చేరవచ్చును. ఆ మాటను ఆయన ఒకనాడు గాక పండ్రెండేండ్లు నిరాకరింపవలసి వచ్చెను. ఉరికంబపు తలపుకంటె గ్రుడ్డిబిడ్డ ఆకలి తలపే ఆయనను ఎక్కువ కలచెను. చెరలో లేసుదారములకు లోహపు మొనలు బిగించి, వాటి వెలతో కుటుంబమునకు తోడ్పడెను. బైబిలును, హతసాక్షుల చరిత్రయును చదువుచు, తోడి ఖైదీలకు బోధించుచు, గ్రంథములు వ్రాసెను. 1666లో ప్రకటింపబడిన ఆత్మకథ చెరలో వ్రాసినదే.

1672లో రాజు మతవిషయమున సడలింపు ప్రకటింపగా బన్యన్ విడుదలయ్యెను. తరువాత మరల కొన్ని నెలలు చెరననుభవించెను. 1678లో వెలువడిన యాత్రికుని ప్రయాణము ఆయన కీర్తిని స్థిరపరచెను. నాశనపురము విడిచి పరలోకపట్టణమునకు నడచు యాత్రికుడు బురదగుంటలోబడి లేచును. సందేహదుర్గమున బంధింపబడి బయటపడును. చెర యెరిగినవాడు వ్రాసిన కథ గనుకనే అది పండితులనేగాక కూలివారినిగూడ ఆకర్షించెను. అనేక భాషలతోపాటు తెలుగులోనికిని వచ్చి, మన క్రైస్తవ కుటుంబములందు ఆదరము పొందెను.

1688లో తండ్రికొడుకుల నడుమ తగవు తీర్చి, వర్షమున తడియుచు గుఱ్ఱముపై లండను చేరిన బన్యన్ జ్వరపడి, ఆగస్టు 31వ తేదీన కన్నుమూసెను. విశ్వాసము నిలుపుకొనుట యనగా బాధ నెరుగకుండుట కాదు. బిడ్డలకై కుమిలిపోవుచునే, చేతిపని మానక, మనస్సాక్షిని అమ్ముకొనక నిలిచిన ఆ మాట్లవాని జీవితము, ఏ మతమువారికైనను ఆపత్కాలమున ధైర్యము నొసగగలదు.