గణపతిదేవుడు

గణపతిదేవుడు కాకతీయ వంశానికి చెందిన సుప్రసిద్ధ చక్రవర్తి. 1199 నుండి 1262 వరకు, దాదాపు అరవై మూడేళ్ళు, ఓరుగల్లు (నేటి వరంగల్లు) రాజధానిగా పరిపాలించాడు. తెలుగు మాట్లాడే ప్రాంతంలో అధిక భాగాన్ని ఒకే పాలన కిందికి తెచ్చిన ఘనత ఈయనది. యుద్ధాలతో పాటు వివాహాలు, పదవులు, గురుశిష్య సంబంధాల ద్వారా రాజ్యాన్ని కూర్చిన తీరు ఈయన పాలనలో ప్రత్యేకంగా గమనించదగినది. రాణి రుద్రమదేవి ఈయన కుమార్తె.

బాల్యం, చెర

గణపతిదేవుని తండ్రి మహాదేవుడు, తల్లి బయ్యాంబిక. హనుమకొండలో వేయిస్తంభాల గుడిని 1163లో కట్టించిన రుద్రదేవుడు ఈయన పెదతండ్రి. దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధంలో రుద్రదేవుడు మరణించాడు. అందుకు ప్రతీకారంగా మహాదేవుడు దేవగిరిపై దండెత్తి తానూ ప్రాణాలు కోల్పోయాడు. ఆ సందర్భంలో గణపతిదేవుడు శత్రువులకు బందీగా చిక్కాడు. రాజు లేని ఆ కాలంలో సామంతులు తిరుగుబాటుకు సిద్ధపడగా, సేనాని రేచర్ల రుద్రుడు రాజ్యాన్ని నిలబెట్టాడు. 1199 నాటికి యాదవ రాజు విడిచిపెట్టడంతో గణపతిదేవుడు తిరిగివచ్చి సింహాసనమెక్కాడు. ఈ రేచర్ల రుద్రుడే 1213లో పాలంపేటలో రామప్ప దేవాలయాన్ని నిర్మింపజేశాడు. ఆ ఆలయానికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది.

విజయాలు, వియ్యాలు

గణపతిదేవుడు 1201లో బెజవాడను ఆక్రమించి, అక్కడి నుండి దివిసీమ మీదికి నడిచాడు. దివిసీమను ఏలుతున్న అయ్య వంశీయులు ఓడిపోయారు. అయితే గణపతిదేవుడు వారిని తొలగించలేదు. ఆ వంశపు ఆడపడుచులు నారాంబ, పేరాంబలను వివాహమాడి, వారి సోదరుడు జాయపను తన కొలువులో గజసేనాధిపతిగా నియమించాడు. జాయప చేబ్రోలులో ఆలయం కట్టించి 1213లో శాసనం వేయించాడు. తరువాతి కాలంలో సంస్కృతంలో నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథాన్ని రచించాడు. ఈ విధంగా ఓడిన వంశం రాజుకు అత్తవారిల్లు కాగా, ఆ ఇంటి బిడ్డ సేనానిగా, శాస్త్రకర్తగా పేరుపొందాడు.

తన సోదరీమణులు మైలాంబ, కుందాంబలను నతవాడి పాలకుడు రుద్రునికిచ్చి వివాహం చేశాడు. మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించి వేయించిన శాసనం కాకతీయుల వంశక్రమాన్ని తెలిపే ముఖ్య ఆధారాలలో ఒకటి. గణపతిదేవునికి కుమారులు లేరు. ఒక కుమార్తె రుద్రమదేవిని నిడదవోలు చాళుక్య రాజకుమారుడు వీరభద్రునికి, మరొక కుమార్తె గణపాంబను ధరణికోటకు చెందిన కోట బేతరాజుకు ఇచ్చాడు. భర్త మరణానంతరం గణపాంబ ఆ ప్రాంతాన్ని స్వయంగా పాలించింది. యనమదల శాసనం ఆమె వేయించినదే.

నెల్లూరును ఏలిన మనుమసిద్ధి దాయాదుల వల్ల రాజ్యం కోల్పోయినప్పుడు, ఆయన మంత్రి తిక్కన సోమయాజి ఓరుగల్లుకు వచ్చి సహాయం అర్థించాడని ప్రసిద్ధి. కాకతీయ సేనల తోడ్పాటుతో మనుమసిద్ధి తిరిగి సింహాసనం పొందాడు.

పాలన

సముద్ర వర్తకాన్ని ప్రోత్సహించడానికి 1244-45లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు తుఫానుకు దెబ్బతిని తీరానికి కొట్టుకువచ్చిన ఓడలలోని సరుకును పాలకులు స్వాధీనం చేసుకునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పించి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకోవాలని శాసించాడు. ఓరుగల్లు రాతికోట నిర్మాణం కూడా ఈయన కాలంలో సాగింది. దానిని రుద్రమదేవి మరింత ఎత్తు చేయించింది.

గోళకీ మఠానికి చెందిన విశ్వేశ్వర శివాచార్యులు ఈయనకు శైవదీక్ష ఇచ్చిన గురువు. గురువుకు గణపతిదేవుడు ఇవ్వదలచిన మందర గ్రామాన్ని, దానికి తోడు వెలగపూడిని రుద్రమదేవి దానం చేసినట్లు 1261 నాటి మల్కాపురం శాసనం తెలుపుతున్నది.

దారాలతో సంబంధాల చిత్రణ

గణపతిదేవుని కాలపు శాసనాలు దాత పేరు, తల్లిదండ్రులు, ప్రభువు, గురువు, దానం చేసిన ఊరు వంటి వివరాలను తెలుపుతాయి. వీటిని ఒకచోట చేరిస్తే ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిపే పట్టిక తయారవుతుంది. ఆ పట్టికను చెక్కపలక మీద మేకులు, రంగుదారాలతో చిత్రంగా మలచవచ్చు. ఒక్కొక్క వ్యక్తికి ఒక మేకు కొట్టి, వివాహానికి ఎరుపు, కొలువుకు నీలం, దీక్షకు పసుపు దారం కడితే, దారాలన్నీ ఓరుగల్లు మేకు వద్ద దట్టంగా కలుస్తాయి. దివిసీమ వైపు ఎరుపు, నీలం రెండూ సాగుతాయి. నతవాడి, నిడదవోలు, ధరణికోటల వైపు ఎరుపు కనిపిస్తుంది. మల్కాపురం వైపు పసుపు వెళుతుంది. ఏ సామంతుడు ఎన్ని విధాల రాజుతో ముడిపడి ఉన్నాడో ఒక్క చూపులో తెలుస్తుంది.

అయితే ఇటువంటి చిత్రానికి పరిమితులున్నాయి. శాసనాలు ప్రధానంగా దానాల పత్రాలు. దానం చేసే స్తోమత లేని రైతులు, కూలీలు, శిల్పులు అందులో చాలా అరుదుగా కనబడతారు. పలక మీద ఖాళీగా ఉన్న చోట మనుషులు లేరని గాని, సంబంధాలు లేవని గాని భావించరాదు.

చివరి దశ

పాలన చివరి సంవత్సరాలలో జటావర్మ సుందర పాండ్యుని సేనల చేతిలో ముత్తుకూరు వద్ద కాకతీయ సైన్యం ఓడిపోయింది. నెల్లూరు, కంచి ప్రాంతాలు చేజారాయి. గణపతిదేవుడు అంతకుముందే రుద్రమదేవిని పాలనలో భాగస్వామిని చేసి, రుద్రదేవ మహారాజు అనే పురుషనామంతో వారసురాలిగా నిలిపాడు.

ఈయన కల్పించిన బంధాలలో కొన్ని తరువాతి తరంలో గట్టిగా నిలిచాయి, కొన్ని తెగిపోయాయి. గణపతిదేవుడు కాయస్థ గంగయసాహిణిని దక్షిణ ప్రాంతాలపై అధికారిగా నియమించాడు. ఆ వంశానికే చెందిన అంబదేవుడు రుద్రమదేవిపై తిరుగుబాటు చేశాడు. 1289లో రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు మరణించిన విషయం చందుపట్ల శాసనం వల్ల తెలుస్తున్నది. అంబదేవునితో జరిగిన యుద్ధంలోనే ఆమె మరణించిందని చరిత్రకారులు భావిస్తారు. 1290 నాటి త్రిపురాంతకం శాసనం అంబదేవుని విజయాలను వర్ణిస్తుంది. రుద్రమదేవి మనుమడు ప్రతాపరుద్రుని కాలంలో కాకతీయులు ఆ ప్రాంతాన్ని తిరిగి సాధించారు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల వశం కావడంతో కాకతీయ రాజ్యం అంతరించింది.