చదువు కోసం చైనా నుంచి ధాన్యకటకం దాకా
హుయన్ త్సాంగ్ నడిచిన దారి మన కృష్ణ ఒడ్డునా ఉంది

అమరావతి: హుయన్ త్సాంగ్ పేరు వినని బడి పిల్లలుండరు. హర్షుని పాఠంలో ఆ పేరు వస్తుంది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా వచ్చి పోతుంది. అయితే ఈ చైనా యాత్రికుడు మన కృష్ణా తీరానికి వచ్చి, ఇక్కడి గురువుల దగ్గర కొన్ని నెలలు కూర్చొని చదువుకున్నాడన్న సంగతి ఈ చుట్టుపక్కల ఊళ్లలో చాలా మందికి తెలియదు. ఆయనను యాత్రికుడని అంటాం గానీ నిజానికి ఆయన విద్యార్థి. పదహారేళ్లు దేశాలు పట్టి తిరిగింది వింతలు చూడటానికి కాదు, చదువు పూర్తి చేసుకోవడానికి.

హుయన్ త్సాంగ్ క్రీ.శ. 602 ప్రాంతంలో చైనాలోని హొనాన్ సీమలో, లొయాంగ్ పట్టణానికి దగ్గరలో పుట్టాడు. నలుగురు అన్నదమ్ముల్లో చివరివాడు. తండ్రి పండితుడు. ఉద్యోగం వదులుకొని ఇంటి పట్టున పుస్తకాలతో కాలం గడిపిన మనిషి. రెండో అన్న బౌద్ధ భిక్షువు. ఆయన వెంట ఆరామానికి వెళ్లిన తమ్ముడు 13 ఏళ్లకే అక్కడ చేరిపోయాడు. 618లో సుయి వంశం కూలి దేశం అల్లకల్లోలమైంది. అన్నదమ్ములిద్దరూ ప్రాణాలు దక్కించుకోవడానికి ఊరు విడిచి పోవలసి వచ్చింది. అంత గొడవలోనూ చదువు మానలేదు.

చదివే కొద్దీ అనుమానాలు పెరిగాయి. భారతదేశం నుంచి వచ్చిన గ్రంథాల చైనా అనువాదాలు ఒకదానికొకటి పొసగడం లేదు. ఒక గురువు చెప్పినదానికి, మరో గురువు చెప్పినదానికి పొంతన లేదు. మూల గ్రంథాలు చూస్తే తప్ప ఈ చిక్కు విడిపోదని ఆయనకు తోచింది. మూలం ఉన్నది మన దేశంలో. కొందరు తోటి భిక్షువులతో కలిసి ప్రయాణానికి అనుమతి అడిగాడు. కొత్తగా వచ్చిన తాంగ్ ప్రభుత్వం కుదరదన్నది. సరిహద్దు దాటరాదని ఉత్తర్వు ఉంది. మిగతా వాళ్లు మానుకున్నారు. ఆయన మానలేదు. 629లో, సుమారు 27 ఏళ్ల వయసులో, అనుమతి లేకుండానే బయలుదేరాడు.

ఎడారిలో నీళ్ల తిత్తి ఒలికింది

సరిహద్దు జిల్లాలో అధికారి వెనక్కి పొమ్మన్నాడు. పగలు దాక్కొని రాత్రులు నడిచి ముందుకు సాగాడు. దారి చూపిస్తానని వెంట వచ్చిన మనిషి ఒక రాత్రి కత్తి దూసి మీదికి వచ్చి, మళ్లీ ఏమనుకున్నాడో ఆగిపోయాడు. తెల్లవారాక నా వల్ల కాదని వెళ్లిపోయాడు. మిగిలింది ఒక ముసలి ఎర్ర గుర్రం. ఆ దారి ఎన్నోసార్లు తొక్కిన గుర్రమని చెప్పి ఒక వృద్ధుడు మార్పిడికి ఇచ్చినది.

కావలి బురుజు దగ్గర రాత్రి నీళ్లు పట్టుకుంటుంటే బాణం దూసుకు వచ్చింది. తాను చైనా రాజధాని నుంచి వచ్చిన భిక్షువునని కేక వేసి బయటపడ్డాడు. ఆ బురుజు అధికారి బౌద్ధుడు కావడంతో తిండి పెట్టి దారి చెప్పి పంపాడు. ఆ తర్వాత వచ్చింది గోబీ ఎడారి. అక్కడ తాగబోతూ చెయ్యి జారి నీళ్ల తిత్తి మొత్తం ఇసుకలో ఒలకబోసుకున్నాడు. ఎడారి దారికి దాచుకున్న నీళ్లు ఒక్క క్షణంలో పోయాయి. దారి తప్పింది. వెనక్కి తిరిగి కొంత దూరం నడిచాడు. అక్కడ ఆగి, భారతదేశం చేరకుండా తూర్పుకు ఒక్క అడుగు వేయనని తాను పెట్టుకున్న ఒట్టు గుర్తు చేసుకొని మళ్లీ పడమటికే మళ్లాడు.

నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు చుక్క నీరు లేదు. ఐదో రాత్రి చల్లగాలికి తేరుకొని లేచేసరికి గుర్రం తనంతట తానే ఒక పక్కకు లాక్కుపోయింది. అటు పచ్చిక, ఒక గుంట నిండా నీళ్లు ఉన్నాయి. ముసలి గుర్రం ఎందుకు పనికివస్తుందని ఆయన అనుకొని ఉంటే ఈ కథ అక్కడితో ముగిసేది.

అన్నం మానేసిన అతిథి

ఎడారి దాటాక గావొచాంగ్ రాజు ఆయనను ఎదురేగి తీసుకు వెళ్లాడు. మర్యాదలకు లోటు లేదు. కాని నువ్వు ఇక్కడే ఉండి మాకు గురువుగా ఉండాలన్నాడు. పోనివ్వనని పట్టు పట్టాడు. హుయన్ త్సాంగ్ మూడు రోజులు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చున్నాడు. నాలుగో రోజుకు ఊపిరి సన్నగిల్లింది. రాజు భయపడి దిగి వచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు మూడేళ్లు ఉంటానన్న మాట మీద వదిలిపెట్టాడు. వట్టి చేతులతో పంపలేదు. బంగారం, వెండి, పట్టు తానులు, 30 గుర్రాలు, పనివాళ్లు, దారిలోని రాజులకు ఉత్తరాలు ఇచ్చి సాగనంపాడు.

ఆ పరివారంలో చాలా మంది మంచు కొండలు దాటలేకపోయారు. తియాన్ షాన్ పర్వతాల మీద ఏడు రోజులు నడిచి కిందికి దిగేసరికి పది మందిలో ముగ్గురో నలుగురో చలికి, ఆకలికి చనిపోయారు. అక్కడి నుంచి సమర్‌ఖండ్, బల్ఖ్, బామియాన్ మీదుగా వచ్చాడు. బామియాన్‌లో కొండకు చెక్కిన పెద్ద బుద్ధ విగ్రహాలను ఆయన చూసి రాశాడు. ఆ విగ్రహాలను 2001లో తాలిబాన్లు పేల్చివేశారు. కాశ్మీరులో రెండేళ్లు ఉండి చదువుకున్నాడు. గంగా నది మీద పడవలో పోతుండగా దొంగలు పట్టుకొని దుర్గకు బలి ఇవ్వబోయారని, ఉన్నట్టుండి పెద్ద గాలివాన రావడంతో వాళ్లు భయపడి కాళ్ల మీద పడ్డారని ఆయన శిష్యుడు రాసి పెట్టాడు.

నూరు గ్రామాలు పోషించిన విశ్వవిద్యాలయం

ఎట్టకేలకు మగధలోని నలందా చేరాడు. ఆనాటికి అంతటి విశ్వవిద్యాలయం మరొకటి లేదు. వేల మంది భిక్షువులు అక్కడ చదివేవారు. చేరడం తేలిక కాదు. వాకిట్లోనే పండితుడు ప్రశ్నలు వేసేవాడు. పది మంది వస్తే ఏడెనిమిది మంది అక్కడి నుంచే వెనక్కి తిరిగేవారు. పెద్ద గురువు శీలభద్రుడు. అప్పటికే బాగా వృద్ధుడు. చైనా విద్యార్థి కోసం ఆయన తిరిగి పాఠం మొదలుపెట్టాడు. యోగాచార శాస్త్రం ఒక్కటి చెప్పడానికే 15 నెలలు పట్టింది. హుయన్ త్సాంగ్ దాన్ని మూడుసార్లు విన్నాడు. సంస్కృత వ్యాకరణం, తర్కం, బ్రాహ్మణ శాస్త్రాలు కూడా నేర్చాడు. మొత్తం మీద నలందాలో ఐదేళ్లు గడిపాడు.

ఇన్ని వేల మందికి అన్నం ఎక్కడిది? ఈ సంగతి రైతులు తప్పక తెలుసుకోవాలి. రాజు సుమారు నూరు గ్రామాల శిస్తును నలందాకు వదిలేశాడు. ఆ గ్రామాల్లో 200 ఇళ్ల వాళ్లు ప్రతి రోజూ బియ్యం, వెన్న, పాలు బళ్లకెత్తి పంపేవారు. అందువల్ల విద్యార్థులు భిక్షకు తిరిగే పని లేకుండా చదువు మీదనే మనసు పెట్టారు. హుయన్ త్సాంగ్‌కు రోజూ ఇచ్చే పదార్థాలలో మహాశాలి అనే బియ్యం ఉండేది. గింజ పెద్దది, వండితే ఘుమఘుమలాడేది. ఆ బియ్యం మగధలో మాత్రమే పండేదని, రాజులకు, పెద్ద పండితులకు పెట్టేవారని ఆయన చరిత్రలో ఉంది. పండితుల పేర్లు చరిత్రకెక్కాయి. ఆ వడ్లు పండించిన వాళ్ల పేర్లు ఒక్కటీ ఎక్కలేదు.

కృష్ణ ఒడ్డున కొన్ని నెలలు

నలందా నుంచి బెంగాలు, కళింగం, దక్షిణ కోసలం మీదుగా 639 ప్రాంతంలో తెలుగు నేల మీద అడుగు పెట్టాడు. ముందుగా ఆంధ్ర దేశం. దాని రాజధానిగా ఆయన చెప్పిన ఊరు ఏలూరు దగ్గరి వేంగి అని చరిత్రకారుల్లో ఎక్కువ మంది అభిప్రాయం. నేల సారవంతమని, ఎండ ఎక్కువని, జనం దుడుకు వాళ్లని రాశాడు. ఇక్కడి మాట మధ్యదేశపు మాట కాదని, అక్షరాల తీరు మాత్రం దాదాపు ఒకటేనని కూడా గమనించాడు. 20 విహారాలు, 3 వేల మంది భిక్షువులు ఉన్నారని లెక్క చెప్పాడు.

తర్వాత వచ్చింది ధాన్యకటకం. అది అమరావతి పక్కనున్న నేటి ధరణికోటేనని ఎక్కువ మంది పండితుల నిర్ణయం. బెజవాడ అన్నవారూ లేకపోలేదు. ఆయన వచ్చేనాటికే ఇక్కడ బౌద్ధం వెనకపట్టు పట్టింది. విహారాలు చాలా ఉన్నా ఎక్కువ భాగం పాడుపడ్డాయి. 20 మాత్రం నిలిచి ఉన్నాయి. వెయ్యి మంది భిక్షువులు. దేవాలయాలు నూరు దాకా ఉన్నాయి. జనానికి చదువంటే ఇష్టమని ఒక మంచి మాట రాశాడు.

ఇక్కడ సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు పండిత భిక్షువులు ఆయనకు దొరికారు. మహాసాంఘిక శాఖ అభిధర్మంలో దిట్టలు. నలందాలో చదివి వచ్చిన వాడు, రాజులు ఎదురేగిన వాడు, ఆ ఇద్దరి ముందు మళ్లీ విద్యార్థిగా కూర్చున్నాడు. వాళ్లకు తెలిసింది తాను నేర్చుకున్నాడు, తనకు తెలిసిన మహాయాన శాస్త్రాలు వాళ్లకు చెప్పాడు. అలా కొన్ని నెలలు గడిచాక ముగ్గురూ కలిసి దక్షిణాదికి యాత్ర సాగించారు. కంచిలో ఉండగా సింహళంలో రాజు మరణించాడని, కరువు వచ్చిందని అక్కడి భిక్షువులే చెప్పడంతో సముద్రం దాటే ఆలోచన మానుకొని పడమటి తీరం గుండా మళ్లీ నలందాకు చేరాడు.

ఉండమన్నా ఉండలేదు

నలందాలో అందరూ ఆయనను ఇక్కడే ఉండిపొమ్మన్నారు. బుద్ధుడు పుట్టిన గడ్డ ఇది, వెనక్కి పోయి ఏం చేస్తావన్నారు. నేర్చుకున్న దాన్ని తనవాళ్లకు అందించకపోతే ఇంత దూరం వచ్చిన పనికి అర్థం లేదని ఆయన పట్టు. వృద్ధ గురువు శీలభద్రుడు అది విని సంతోషించి, వెళ్లనివ్వండని తక్కిన వారికి చెప్పాడు. 643లో కనోజులో హర్షుడు జరిపించిన పెద్ద సభలో వాదం చేసి మెప్పు పొంది, ఇంటి దారి పట్టాడు.

సింధు నది దాటుతుండగా అలల తాకిడికి పడవ ఊగి 50 గ్రంథాల కట్టలు, పూల విత్తనాల మూట నీళ్లపాలయ్యాయి. గావొచాంగ్ రాజుకు ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలని ఉత్తరపు దారినే పోదామనుకున్నాడు. కాని ఆ రాజు మరణించాడని, ఆ రాజ్యం 640లోనే తాంగ్ సైన్యాల వశమైందని తెలిసింది. మాట ఇచ్చిన మనిషి లేడు, ఊరూ మునుపటిది కాదు. ఖోటాన్ దారిన వెళ్లి, అనుమతి లేకుండా దేశం దాటినందుకు మన్నించమని చక్రవర్తికి విన్నపం పంపాడు. మన్నింపు వచ్చింది.

645లో రాజధాని చాంగాన్ చేరినప్పుడు 20 గుర్రాల మీద 657 గ్రంథాలు తెచ్చాడు. జనం వీధుల్లో కిక్కిరిసి ఎదురుచూశారు. చక్రవర్తి తాయ్ జుంగ్ కొలువులో ఉద్యోగం ఇస్తానన్నాడు. ఆయన వద్దన్నాడు. మిగిలిన 19 ఏళ్లూ అనువాదంలోనే గడిపి 75 గ్రంథాలను చైనా భాషలోకి తెచ్చాడు. చక్రవర్తి కోరిక మీద తాను తిరిగిన దేశాల వివరాలు 646లో పుస్తకంగా చెప్పి రాయించాడు. తర్వాత నలందా మిత్రులతో ఉత్తరాలు నడిచాయి. శీలభద్రుడు కాలం చేశాడని తెలిసి దుఃఖించాడు. సింధు నదిలో పోయిన గ్రంథాల జాబితా రాసి, వీలైతే మళ్లీ పంపమని అడిగాడు. 664లో, 62 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

పుస్తకం నిలిచింది, రాళ్లు పోయాయి

ఆయన పుస్తకం తర్వాత యూరపు కూడా చేరింది. 1857, 58లలో ఫ్రెంచిలోకి, 1884లో ఇంగ్లీషులోకి వచ్చింది. దాన్ని చేతబట్టుకొనే కన్నింగ్‌హామ్ వంటి వారు పాడుపడ్డ నలందా ఎక్కడుందో గుర్తించారు. మన అమరావతి స్తూపం గతి వేరు. 1797లో మెకంజీ దొర వచ్చేనాటికే శిల్పపు రాళ్లను ఇళ్లకు, గుళ్లకు తరలిస్తున్నారు. మిగిలిన వాటిలో మంచివి మద్రాసు, లండను మ్యూజియములకు వెళ్లాయి. హుయన్ త్సాంగ్ చూసిన నేల మీద ఇప్పుడున్నది స్తూపం అడుగు భాగం, ఊళ్లోని మ్యూజియంలో మిగిలిన కొన్ని శిల్పాలు.

2022లో జిల్లాలు విడదీసినప్పుడు అమరావతి గుంటూరు నుంచి పల్నాడు జిల్లాకు మారింది. జిల్లా ఏదైనా ఊరు మనదే. నూరు ఊళ్ల రైతులు అన్నం పెడితే నలందా నిలిచింది. ఇద్దరు గురువులు పాఠం చెబితే ధాన్యకటకం పేరు చైనా పుస్తకంలోకి ఎక్కింది. హర్షుని పాఠం చెప్పే రోజున ఉపాధ్యాయులు పిల్లలను ఒకసారి ధరణికోట తీసుకువెళ్లి, ఆ విద్యార్థి కూర్చొని చదువుకున్న చోటు ఇదేనని చూపిస్తే, రెండు మార్కుల ప్రశ్న జన్మంతా గుర్తుంటుంది.