పిచ్చికుక్క కాటుకు మందు కనిపెట్టిన లూయీ పాశ్చర్

1831 అక్టోబరు నెల. ఫ్రాన్సు దేశపు తూర్పు అంచున ఉన్న జురా కొండల మీదినుంచి పిచ్చిపట్టిన తోడేలు ఒకటి కిందికి దిగింది. దారిలో కనబడిన మనుషులను, పశువులను కరుచుకుంటూ పోయింది. ఆర్బ్వా అనే చిన్న ఊళ్లో, కాటు పడినవాళ్లను కమ్మరి కొలిమి దగ్గరకు తీసుకొచ్చారు. ఆ రోజుల్లో తెలిసిన వైద్యం ఒక్కటే. ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీతో గాయం మీద వాత పెట్టడం. ఆ కేకలు వినబడేంత దగ్గరలో ఉండే ఒక పిల్లవాడు ఆ దృశ్యం చూశాడు. అతనికి అప్పటికి తొమ్మిదో ఏడు నిండలేదు. వాతలు తిన్నా చుట్టుపక్కల పలువురు చనిపోయారు. ఆ పిల్లవాడే లూయీ పాశ్చర్.

పాశ్చర్ 1822 డిసెంబరు 27న దోల్ పట్టణంలో పుట్టారు. తండ్రి తోళ్లు పదును చేసి బతికేవాడు. నెపోలియన్ సైన్యంలో సార్జెంటుగా పనిచేసి, పతకం అందుకుని, మళ్లీ తోళ్ల తొట్ల దగ్గరకే వచ్చినవాడు. కుర్రతనంలో లూయీ చదువులో పెద్దగా మెరిసినవాడేమీ కాదు. బొమ్మలు మాత్రం చక్కగా గీసేవాడు. తల్లివి, తండ్రివి ఆయన గీసిన రూపాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఆ తర్వాత పారిస్‌లో రసాయనశాస్త్రం చదివి, 1849లో స్ట్రాస్‌బూర్గ్‌లో ఉపాధ్యాయుడై, అక్కడి విద్యాపీఠాధిపతి కుమార్తె మరీ లోరాన్‌ను పెళ్లాడారు. ఆమె రాత్రిళ్లు ఆయన చెప్పింది రాసిపెట్టేది, ప్రయోగాల లెక్కలు ఎత్తి రాసేది. ఆయన చరిత్ర రాసినవాళ్లు ఆమెకు ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదని నా అభిప్రాయం.

పులిసిపోయే ద్రాక్షారసం, చెడిపోయే బీరు, పట్టుపురుగుల జబ్బు, గొర్రెల దొమ్మరోగం, కోళ్ల కలరా... ఆయన చేతిలో పడ్డ సమస్యలన్నీ రైతులవీ, చిన్న వ్యాపారులవీ. మన ఇళ్లకు వచ్చే ప్యాకెట్ పాల మీద ఉండే పాశ్చరైజ్డ్ అన్న మాట ఆయన పేరే. హిందూపురం, మదనపల్లె వైపు పట్టు రైతులకు ఇంకో సంగతి తెలిసే ఉంటుంది. గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నూరి, సూక్ష్మదర్శినిలో చూసి, పెబ్రిన్ జబ్బు లేకపోతేనే ఆ గుడ్లను విత్తనంగా ఇస్తారు. ఆ పద్ధతి పాశ్చర్ పెట్టిందే.

ఆ ఏళ్లలోనే ఇంట్లో ఒకటి తర్వాత ఒకటిగా శవపేటికలు లేచాయి. 1859లో తొమ్మిదేళ్ల కూతురు జాన్ టైఫాయిడ్‌తో పోయింది. 1865లో తండ్రి పోయాడు. అదే ఏడు రెండేళ్ల పసిబిడ్డ కమీల్ పోయింది. 1866లో పన్నెండేళ్ల సెసీల్, మళ్లీ టైఫాయిడే. అయిదుగురు బిడ్డల్లో ఇద్దరు మిగిలారు. 1868 అక్టోబరులో ఆయనకే పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు సరిగా స్వాధీనం లేకుండా పోయాయి. అప్పటికి ఆయనకు నలభై అయిదేళ్లు. మనం ఇప్పుడు చెప్పుకోబోయే పనంతా ఆ తర్వాత చేసిందే.

1880 డిసెంబరులో బూరెల్ అనే పశువైద్యుడు రెండు పిచ్చికుక్కలను పాశ్చర్ ప్రయోగశాలకు పంపాడు. ఈయన సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. కుక్కల కోరలను ఆకురాయితో అరగదీస్తే కరిచినా చర్మం తెగదు గదా అని ప్రచారం చేసినవాడు! నవ్వకండి. అంతకంటే మంచి ఉపాయం అప్పటికి ఎవరి దగ్గరా లేదు. బెల్జియం, ఉత్తర ఫ్రాన్సు పల్లెల్లో పునీత హ్యూబర్ట్ పేరుతో ఉన్న ఇనుప తాళపుచెవిని కాల్చి, కుక్కలకూ పశువులకూ ముందు జాగ్రత్తగా వాత పెట్టేవారు. ఆ పునీతుడు వేటగాళ్లకూ, పిచ్చికుక్క కాటు పడినవాళ్లకూ పాలక పునీతుడు. చట్టం చేయగలిగింది కూడా అంతంతమాత్రమే. జంతువుల అంటురోగాలపై 1881లో ఫ్రాన్సు చేసిన చట్టం, పిచ్చిపట్టిన జంతువును వెంటనే చంపాలని చెప్పింది. జబ్బు రాకుండా చూడటం మాత్రం ఎవరివల్లా కాలేదు.

పాశ్చర్ ముందుగా కుక్క చొంగలో రోగబీజం కోసం వెతికారు. కట్టేసిన పిచ్చికుక్క నోటి దగ్గరకు వంగి, గాజు గొట్టంతో నోటితో చొంగ పీల్చి తీశారని ఆయన అల్లుడు రాసిన చరిత్రలో ఉంది. ఎంత వెతికినా బీజం కనబడలేదు. కనబడదు కూడా. అది వైరస్. అప్పటి సూక్ష్మదర్శినికి అందేది కాదు. కంటికి కనబడని శత్రువుకు ఆయన మందు తయారుచేశారన్న సంగతి మరిచిపోకూడదు. లియోన్‌లోని పశువైద్య ఆచార్యుడు గాల్తియే, ఈ రోగాన్ని కుందేళ్లకు అంటించవచ్చని 1879లోనే చూపించాడు. పాశ్చర్ శిష్యుడు ఎమిల్ రూ ఇంకో అడుగు ముందుకు వేసి, జబ్బుపడ్డ జంతువు మెదడు పదార్థాన్ని నేరుగా మరో జంతువు మెదడుకు చేర్చే మార్గం చూపాడు. ఒక కుందేలు నుంచి ఇంకో కుందేలుకు అలా మార్చుకుంటూ పోగా, ఎన్నాళ్లకు జబ్బు బయటపడుతుందో లెక్క కుదిరింది. ఆ కుందేళ్ల వెన్నుపామును ముక్కలు చేసి, అడుగున పొటాష్ వేసిన సీసాల్లో, తడిలేని గాలికి వేలాడదీశారు. రోజులు గడిచేకొద్దీ అందులోని విషం తగ్గుతుంది. రెండు వారాలు ఎండితే దాదాపు పోతుంది. బాగా ఎండిన దానితో మొదలుపెట్టి, రోజురోజుకూ తాజా దాని వైపు నడుస్తూ కుక్కలకు సూది వేశారు. ఆ తర్వాత పిచ్చికుక్కతో కరిపించినా వాటికి జబ్బు రాలేదు. 1884లో ప్రభుత్వం వేసిన సంఘం స్వయంగా చూసి నిజమేనని ఒప్పుకుంది. కుక్కల దొడ్డి కోసం చోటు వెతికితే మాత్రం చుట్టుపక్కల జనం గోల పెట్టారు. చివరికి సేంక్లూ దగ్గర విల్‌నవ్ లెతాంగ్ అనే పాత ప్రభుత్వ ఎస్టేటు దొరికింది.

చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, పాశ్చర్ మొదట అనుకున్నది మనుషులకు సూది వేయాలని కాదు. కుక్కలన్నిటికీ టీకా వేసేస్తే మనుషులకు జబ్బు ఎక్కడినుంచి వస్తుంది? ఆలోచన సరైనదే. కాని లెక్క కుదరలేదు. ఒక్క పారిస్‌లోనే లక్ష కుక్కలు. ఒక్కోదానికి అన్నేసి సూదులు, వాటికి అన్నేసి కుందేళ్లు ఎక్కడినుంచి తేవాలి? అందుకని ఆయన దృష్టి కాటు పడిన మనిషి వైపు మళ్లింది. కాటు పడ్డాక జబ్బు బయటపడటానికి మామూలుగా వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ వ్యవధిలో ఒంటిని సిద్ధం చేయాలన్నది ఉపాయం.

1885 జూలై 6, సోమవారం. అల్సాస్ నుంచి ఒక తల్లి తన తొమ్మిదేళ్ల కొడుకు జోసెఫ్ మైస్టర్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. రెండు రోజుల కిందట పిచ్చికుక్క వాడిని పద్నాలుగు చోట్ల కరిచింది. నడవలేకపోతున్నాడు. పాశ్చర్ వైద్యుడు కాడు. సూది వేసే హక్కు చట్టప్రకారం ఆయనకు లేదు. వుల్పియాన్, గ్రాన్షే అనే ఇద్దరు వైద్యులను పిలిచి చూపించారు. ఎలాగూ బతికే ఆశ లేదు, వేయండి అన్నది వాళ్ల తీర్పు. ఆ సాయంత్రమే గ్రాన్షే చేతిమీదుగా మొదటి సూది పడింది. పది రోజుల్లో పదమూడు. సూదులు తీవ్రమయ్యేకొద్దీ పిల్లవాడు తోటలో కుందేళ్లతో ఆడుకుంటున్నాడు, పాశ్చర్‌కు రాత్రిళ్లు నిద్రలేదు. బాలుడు బతికాడు.

అక్టోబరులో జ్యుపీ అనే గొర్రెలకాపరి కుర్రాడు వచ్చాడు. తోటి పిల్లలను కాపాడటానికి పిచ్చికుక్కకు ఎదురెళ్లి, కొరడా తాడుతో దాని మూతి కట్టి, చెక్క చెప్పుతో కొట్టి చంపినవాడు. అతనూ బతికాడు. ఇక దేశదేశాలనుంచి జనం రావడం మొదలైంది. 1886 మార్చిలో రష్యాలోని స్మోలెన్స్క్ నుంచి, పిచ్చితోడేలు కరిచిన పంతొమ్మిది మంది వచ్చారు. వాళ్లలో, గుడిలోకి వెళ్లబోతుండగా కాటు పడిన ఒక గురువు కూడా ఉన్నారు. ముగ్గురు చనిపోయారు, పదహారుమంది ఇంటికి వెళ్లారు.

అందరూ బతకలేదు. లూయీజ్ పెల్తియే అనే పదేళ్ల పిల్లను, తలమీద కాటుపడిన ముప్పై ఏడు రోజుల తర్వాత తెచ్చారు. ఆలస్యమైపోయిందని పాశ్చర్‌కు తెలుసు. పిల్ల చనిపోతే వైద్యానికే చెడ్డపేరు వస్తుందనీ తెలుసు. తల్లిదండ్రుల ముఖాలు చూసి కాదనలేకపోయారు. 1885 డిసెంబరులో ఆ పిల్ల పోయింది. చివరి రోజు ఆయన మంచం పక్కనే కూర్చున్నారు. విడిచిపెట్టి వెళ్లొద్దని పిల్ల అడిగింది, వెళ్లలేదు. ముగ్గురు కూతుళ్లను పోగొట్టుకున్న తండ్రి గదా! అనుకున్నట్టే విరోధులు దుమ్మెత్తిపోశారు.

ఇక్కడ ఒక కష్టమైన సంగతి చెప్పాలి. మహనీయుల చరిత్రలు రాసేటప్పుడు మచ్చలు తుడిచేయడం మన అలవాటు. పాశ్చర్ తన ప్రయోగాల నోటుపుస్తకాలను ఎవరికీ చూపవద్దని ఇంటివాళ్లకు చెప్పారు. 1964లో మనుమడు వాటిని ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయానికి ఇచ్చాక అసలు సంగతులు తెలిశాయి. గెరాల్డ్ గైసన్ అనే చరిత్రకారుడు 1995లో వాటి మీద పుస్తకం వేశాడు. జోసెఫ్ కంటే ముందే ఇద్దరికి పాశ్చర్ సూది వేయించారు. వాళ్లలో ఒక బాలిక చనిపోయింది. ఈ సంగతి ఆయన బయట చెప్పలేదు. జోసెఫ్‌కు వాడిన పద్ధతిని కుక్కల మీద పూర్తిగా పరీక్షించానన్నట్టు చెప్పారు గాని, అప్పటికి ఆ పరీక్ష ముగియలేదు. ఆయన చేసిన మేలు దీనివల్ల తగ్గదు. ఒక బిడ్డ ప్రాణంతో ఎంత సాహసం చేశారో మాత్రం తెలుస్తుంది.

ఇంగ్లండు వారు ఒక సంఘాన్ని పారిస్ పంపి, పాశ్చర్ వైద్యం పనిచేస్తుందని 1887లో తేల్చారు. దాంతోపాటు కుక్కల మూతికి చిక్కం వేయించమని కూడా సలహా ఇచ్చారు. పాశ్చర్ అభిప్రాయమూ అదే. పోలీసులు గట్టిగా అమలు చేస్తే నా మందుతో పనే ఉండదన్నది ఆయన వాదన. కుక్కల యజమానులు ఊరేగింపులు తీశారు, పత్రికల్లో తిట్టారు. అయినా 1897 నుంచి గట్టిగా అమలు చేశారు. 1902 నాటికి ఆ దీవిలో జబ్బు పోయింది. మన దొడ్లో ఎద్దుకు వేసే చిక్కంలాంటిదే ఆ పని చేసింది!

మన దేశానికి వస్తే, మొదటి పాశ్చర్ వైద్యశాల 1900లో హిమాలయాల్లోని కసౌలీలో వెలిసింది. 1902లో లిల్లీ పాకెన్‌హామ్ వాల్ష్ అనే ఆంగ్ల యువతి తన పెంపుడు కుక్క కరిచి చనిపోయింది. దక్షిణాదినుంచి కసౌలీ చేరాలంటే అప్పట్లో ఎంత ప్రయాణమో ఆలోచించండి. ఆ మరణం తర్వాత, ఒక అమెరికా దాత ఇచ్చిన సొమ్ముతో 1907లో నీలగిరుల్లోని కూనూరులో పాశ్చర్ సంస్థ పెట్టారు. మదరాసు రాజధానిలోని మన జిల్లాలవారికి అదే దిక్కు. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ గొర్రె మెదడుతో తయారుచేసిన మందే, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులుగా మన పెద్దలకు గుర్తున్నది. దాని తయారీ 2005 నాటికి దేశంలో ఆగిపోయింది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేతికి వేస్తారు. కరిచిన తర్వాత వెళ్లిన రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ వేసే ఇంకో మందు కూడా కావాలి. దాన్ని అడిగి వేయించుకోవాలి. అంతకంటే ముందు, కరిచిన నిమిషంలోనే సబ్బు పెట్టి కుళాయి కింద పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు అద్దడం ఇప్పటికీ కొన్ని ఊళ్లలో జరుగుతున్నది. అమ్మ తిడుతుందని కాటును దాచిపెట్టే పిల్లలూ ఉన్నారు. జబ్బు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 59,000 మంది ఈ జబ్బుతో పోతున్నారు. వాళ్లలో పదింట నలుగురు పదిహేనేళ్లలోపు పిల్లలు.

పాశ్చర్ 1895 సెప్టెంబరు 28న, ఆ కుక్కల దొడ్డి ఉన్న విల్‌నవ్ లెతాంగ్‌లోనే కన్నుమూశారు. ఒక చెయ్యి భార్య చేతిలో, ఇంకో చేతిలో సిలువ. రైలు పెట్టెలో జపమాల చెప్పుకుంటున్న ముసలాయనను ఒక విద్యార్థి ఎగతాళి చేశాడనీ, ఆయన పాశ్చర్ అని తర్వాత తెలిసి సిగ్గుపడ్డాడనీ ఒక కథ ప్రసంగాల్లో వినబడుతుంటుంది. ఆ కథకు ఆధారం లేదు. ఆధారం ఉన్న సంగతే చాలినంత బాగుంది. పారిస్‌లోని ఆయన సంస్థ నేలమాళిగలో సమాధి ఉంది. కప్పు మీద నలుగురు దేవదూతల బొమ్మలు: విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ, నాలుగవది విజ్ఞానం. పెద్దవాడైన జోసెఫ్ మైస్టర్ ఆ సంస్థ గేటు దగ్గరే కావలివాడిగా 1940లో చనిపోయేవరకు పనిచేశాడు.

పాశ్చర్ కుదరదనుకున్న పని, అంటే కుక్కలన్నిటికీ టీకా, ఇప్పుడు కుదురుతుంది. ఒక్క సూది, మూడు నెలల వయసున్న పిల్లకు మొదటిది, తర్వాత ఏడాదికొకటి. వీధికుక్కలను పట్టి పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసి, టీకా వేయాలని 2001లో వచ్చి 2023లో కొత్తగా రాసిన కేంద్ర నిబంధనలు మునిసిపాలిటీలకు, పంచాయతీలకు చెబుతున్నాయి. పెంపుడు కుక్క సంగతి మాత్రం యజమానిదే. మైస్టర్‌కు మొదటి సూది పడిన జూలై 6న, పాశ్చర్ పోయిన సెప్టెంబరు 28న మన పశువుల ఆసుపత్రుల్లో చాలాచోట్ల ఈ టీకా ఉచితంగా వేస్తారు. తాడు గట్టిది చూసుకుని, పొద్దున్నే వెళితే రద్దీ తక్కువగా ఉంటుంది.