తూకం తెలిసిన అన్నయ్య: విల్బర్ రైట్ జీవితం



ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ ఒక్కోసారి ఊగుతూ టకటకమని చప్పుడు చేస్తుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి మోటారు జోలికి పోకుండా ముందు రెక్కలనే చూస్తాడు. ఒక రెక్క కాస్త వంగి ఉంటుంది, లేదా దాని స్క్రూ వదులై ఉంటుంది. దాన్ని సరిచేయగానే ఊగడం ఆగిపోతుంది. తిరిగే వస్తువు ఏదైనా అంతే. ఒక పక్క బరువు ఎక్కువైనా, ఒక పక్క గాలిని తక్కువ తోసినా వణుకు మొదలవుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ వణుకూ పెరుగుతుంది.

పెద్ద పెద్ద మోడల్ విమానాలు తయారుచేసేవారికి ఈ సంగతి బాగా తెలుసు. వాళ్లు చెక్క ప్రొపెల్లర్‌ను ఇంజిన్‌కు బిగించే ముందు దాని నడిమి రంధ్రంలో నున్నటి ఇరుసు దూర్చి, ఆ ఇరుసును సమమట్టంగా ఉన్న రెండు అంచుల మీద ఆనిస్తారు. బరువైన బ్లేడు తనంతట తానే కిందికి దిగుతుంది. దాన్ని గరుకు కాగితంతో కొద్దికొద్దిగా రుద్దుతారు, లేదా తేలికగా ఉన్న బ్లేడుకు మరో పూత వార్నిష్ వేస్తారు. ఏ కోణంలో వదిలినా కదలకుండా నిలిచేదాకా ఈ పని సాగుతుంది. చెక్క తేమను పీల్చుకుంటుంది కాబట్టి కొన్నాళ్లకు మళ్లీ పరీక్షిస్తారు.

మనిషి ఎక్కి ఎగిరిన మొదటి ఇంజిన్ విమానానికి ఉన్నవి కూడా చెక్క ప్రొపెల్లర్లే. వాటిని తమ్ముడితో కలిసి తయారుచేసిన విల్బర్ రైట్ గురించి ఈ నెల తెలుసుకుందాం.

విల్బర్ 1867 ఏప్రిల్ 16న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో పుట్టాడు. తమ్ముడు ఆర్విల్ అతని కంటే నాలుగేళ్లు చిన్న. తండ్రి మిల్టన్ చర్చిలో బిషప్. ఊళ్లు తిరిగే ఉద్యోగం కావడంతో కుటుంబం తరచూ ఇల్లు మారేది. తల్లి సూసన్ బండ్లు తయారుచేసే ఇంట్లో పెరిగారు. అందుకే ఇంట్లో ఏది విరిగినా బాగుచేసేది, పిల్లలకు ఆటబొమ్మలు చేసిపెట్టేది ఆమే. పనిముట్లు పట్టుకోవడం పిల్లలకు అమ్మ దగ్గరే అబ్బింది.

1878లో తండ్రి ఊరి నుంచి వస్తూ ఒక బొమ్మ తెచ్చారు. బెండు, వెదురు, కాగితంతో చేసిన ఆ బొమ్మను రబ్బరు బ్యాండ్ మెలితిప్పి వదిలితే పైకి ఎగిరేది. అది విరిగిపోయాక అన్నదమ్ములు తామే అలాంటివి చేసుకున్నారు. అయితే బొమ్మ సైజు పెంచేకొద్దీ అది ఎగరడం మానేసింది. సైజు రెట్టింపు చేస్తే కావలసిన శక్తి రెట్టింపుతో సరిపోదని, దానికి ఎన్నో రెట్లు ఎక్కువ కావాలని ఆ వయసులో వాళ్లకు తెలియదు. ఆ ప్రశ్న మాత్రం మనసులో ఉండిపోయింది.

విల్బర్ చదువులో చురుకైనవాడు. ఇంట్లోవాళ్లు అతన్ని యేల్ యూనివర్సిటీకి పంపాలనుకున్నారు. కానీ రెండు అడ్డంకులు వచ్చాయి. హైస్కూల్ చదువు ముగిసే సమయానికి కుటుంబం ఒహైయో రాష్ట్రంలోని డేటన్‌కు మారడంతో సర్టిఫికెట్ చేతికి రాలేదు. ఆ తర్వాత మంచు మీద హాకీ ఆడుతుండగా ముఖానికి కర్ర తగిలి ముందు పళ్లు రాలిపోయాయి. గాయం మానినా ఆరోగ్యం కుదుటపడలేదు. మనిషి దిగులులో పడిపోయాడు. అదే సమయంలో తల్లికి క్షయ ముదిరింది. దాదాపు మూడేళ్లు విల్బర్ ఇంటిపట్టునే ఉండి ఆమెకు సేవ చేశాడు. మిగిలిన సమయమంతా తండ్రి పుస్తకాల అల్మారా ముందే గడిపాడు. 1889లో తల్లి కన్నుమూశారు.

బయటివాళ్ల లెక్కలో అవి వృథా అయిన సంవత్సరాలు. కానీ ఒక విషయాన్ని పూర్తిగా చదివి, తనంతట తాను ఆలోచించి తేల్చుకునే అలవాటు అతనికి ఆ రోజుల్లోనే బలపడింది.

తర్వాత అన్నదమ్ములు ప్రింటింగ్ ప్రెస్ నడిపారు. 1892లో సైకిల్ షాపు పెట్టారు. 1896లో జర్మనీకి చెందిన ఒట్టో లిలియంథల్ గ్లైడర్ కూలి మరణించిన వార్త చదివాక విల్బర్‌లో పాత ప్రశ్న మళ్లీ మేలుకుంది. సైకిల్ తనంతట తాను నిలబడదు, తొక్కేవాడే క్షణక్షణం నిలబెడతాడు. విమానాన్ని కూడా నడిపేవాడే అలా అదుపులో ఉంచుకోవాలని విల్బర్ గ్రహించాడు. 1899లో షాపులో ఒక ఖాళీ అట్టపెట్టెను చేతుల్లో మెలితిప్పుతుండగా, రెక్కలను కూడా అలాగే మెలిపెట్టి విమానాన్ని అటూ ఇటూ ఒరిగించవచ్చని అతనికి తట్టింది.

గాలి బాగా వీచే కిట్టీ హాక్ అనే సముద్రతీర గ్రామంలో 1900, 1901లలో గ్లైడర్లు ఎగరేశారు. ఫలితం నిరాశపరిచింది. పుస్తకాల్లోని లెక్కలతో తమ కొలతలు కుదరడం లేదని గమనించి, షాపులోనే ఆరడుగుల చెక్కపెట్టెతో గాలి సొరంగం చేసుకున్నారు. రంపపు బ్లేడు ముక్కలు, సైకిల్ చువ్వలతో చిన్న తక్కెడలు తయారుచేసి, దాదాపు 200 రకాల బుల్లి రెక్కలను వాటిలో పరీక్షించారు. ఆ లెక్కలతో చేసిన 1902 గ్లైడర్ చక్కగా ఎగిరింది.

ఇక ఇంజిన్, ప్రొపెల్లర్ కావాలి. ఓడల ప్రొపెల్లర్ల గురించి పుస్తకాల్లో సూత్రం దొరుకుతుందని విల్బర్ లైబ్రరీకి వెళ్లాడు. అక్కడ దొరకలేదు. ఓడల వాళ్లు చేసి చూసి, మార్చుకుంటూ పోయేవాళ్లు. దాంతో అన్నదమ్ములే మొదటి నుంచి ఆలోచించారు. ప్రొపెల్లర్ అంటే గుండ్రంగా తిరిగే రెక్క అన్న ఆలోచన దగ్గర దారి దొరికింది. అయినా లెక్క తేలడానికి నెలలు పట్టింది. ఇద్దరూ గొంతు చించుకుని వాదించుకునేవారు. కొన్నిసార్లు గంటసేపు వాదించాక అన్న తమ్ముడి వాదనలోకి, తమ్ముడు అన్న వాదనలోకి మారిపోయి మళ్లీ మొదలుపెట్టేవారు. నెగ్గాలన్న పట్టుదల కంటే నిజం తేలాలన్న తపనే ఎక్కువ.

1903లో స్ప్రూస్ చెక్క పలకలు మూడింటిని ఒకదాని మీద ఒకటి జిగురుతో అతికించి, చేగొడ్డలితో, రెండు చేతులతో లాగే చెక్కుడు కత్తితో ప్రొపెల్లర్లు మలిచారు. ఒక్కొక్కటి ఎనిమిదిన్నర అడుగులు. చివర్లు చీలకుండా గుడ్డ అంటించి పైన రంగు పూశారు. రెండూ ఒకే వైపు తిరిగితే విమానం ఒక పక్కకు లాగుతుందని, ఒక గొలుసును అడ్డంగా మెలివేసి రెండింటినీ ఎదురెదురు దిశల్లో తిప్పారు. ఇంజిన్ బరువు పైలట్ బరువు కంటే ఎక్కువ కాబట్టి, ఇంజిన్ ఉన్న వైపు రెక్కను నాలుగంగుళాలు పొడవు పెంచారు. ఆ 12 హార్స్‌పవర్ ఇంజిన్‌ను షాపు మెకానిక్ చార్లీ టేలర్ ఆరు వారాల్లో తయారుచేశాడు.

ఆ నవంబరులో కిట్టీ హాక్‌లో ఇంజిన్ స్టార్ట్ చేయగానే అది కుదుపులతో నడిచి ప్రొపెల్లర్ల ఇరుసులను మెలితిప్పేసింది. వాటిని డేటన్ పంపి గట్టిపరిచి తెప్పిస్తే, కొద్ది రోజులకే ఒకటి చీలింది. చలి ముదురుతోంది. అయినా అలాగే ఎగిరి చూద్దామని వాళ్లు అనుకోలేదు. ఆర్విల్ స్వయంగా డేటన్ వెళ్లి స్ప్రింగ్ స్టీల్‌తో కొత్త ఇరుసులు చేయించి తెచ్చాడు. 1903 డిసెంబరు 17న ఆర్విల్ 12 సెకన్లలో 120 అడుగులు ఎగిరాడు. అదే రోజు నాలుగో ప్రయత్నంలో విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు వెళ్లాడు.

ఇక్కడితో కథ ఆపేస్తే బాగుంటుంది కానీ అది పూర్తి కథ కాదు.

1908లో విల్బర్ ఫ్రాన్స్‌లో ప్రదర్శనలు ఇస్తుండగా, ఆర్విల్ వాషింగ్టన్ దగ్గరి ఫోర్ట్ మయర్‌లో అమెరికా సైన్యానికి విమానం చూపిస్తున్నాడు. సెప్టెంబరు 17న లెఫ్టినెంట్ థామస్ సెల్ఫ్‌రిడ్జ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఎగిరాడు. కాసేపటికి వెనక నుంచి టకటకమని చిన్న చప్పుడు వినిపించింది. దిగిపోదామనుకునేలోపే విమానం విపరీతంగా కుదిపేసి నేలకూలింది. సెల్ఫ్‌రిడ్జ్ మరణించాడు. ఇంజిన్ విమాన ప్రమాదంలో ప్రాణం పోయిన మొదటి వ్యక్తి అతనే, వయసు 26. ఆర్విల్ తొడ ఎముక, పక్కటెముకలు విరిగాయి.

ఆర్విల్ ఆసుపత్రి మంచం మీద నుంచే విరిగిన ముక్కలు తెప్పించుకుని కారణం వెతికాడు. ఒక ప్రొపెల్లర్ బ్లేడు పొడవునా చీలడంతో అది గాలిని తోసే బలం తగ్గింది. రెండో బ్లేడు మామూలుగానే తోస్తోంది. ఆ తేడా వల్ల వణుకు పుట్టింది. వణుకుకు ఇరుసును పట్టి ఉంచే ఆధారం సడలింది. పక్కకు జరిగిన ప్రొపెల్లర్ తోక చుక్కానిని నిలిపే తీగకు తగిలింది. అంతా ఒక చీలికతో మొదలైంది.

ఫ్రాన్స్‌లో వార్త అందగానే విల్బర్ ఆ రోజు ప్రదర్శన మానుకున్నాడు. తాను పక్కన ఉండి ఉంటే ఇది జరిగేది కాదేమోనని కుమిలిపోయాడు. డేటన్‌లో హైస్కూల్ టీచర్‌గా ఉన్న చెల్లెలు క్యాథరిన్ సెలవు పెట్టి, ఆసుపత్రిలో అన్నకు వారాల తరబడి సేవ చేసింది. నాలుగు రోజుల తర్వాత విల్బర్ మళ్లీ విమానం ఎక్కి గంటన్నర సేపు గాలిలో ఉన్నాడు. మరుసటి ఏడాది ఆర్విల్ అదే మైదానానికి తిరిగి వెళ్లి సైన్యం పరీక్షలు పూర్తి చేశాడు. ఆ సమయంలో విల్బర్ అతని పక్కనే ఉన్నాడు.

చివరి సంవత్సరాలు పేటెంట్ కేసులతో గడిచాయి. షాపులో చెక్క చెక్కుతూ ఉండాల్సిన మనిషి కోర్టుల చుట్టూ తిరిగి అలసిపోయాడు. 1896లో టైఫాయిడ్ తమ్ముడిని చావు అంచుదాకా తీసుకెళ్లి వదిలేసింది. అదే జ్వరం 1912 మే 30న అన్నను తీసుకుపోయింది. అప్పటికి విల్బర్ వయసు 45.

ఈ సెలవుల్లో మీ పిల్లలతో ఒక చిన్న పని చేసి చూడండి. గట్టి అట్టను ప్రొపెల్లర్ ఆకారంలో కత్తిరించి, సరిగ్గా మధ్యలో గుండుసూది గుచ్చి గోడకు వదులుగా నిలపండి. ఏ కొన కిందికి దిగుతుందో చూడండి. రెండో కొనకు చిన్న కాగితం ముక్క అంటించి సరిచేయమనండి. మొదటిసారి కుదరదు. రెండోసారి కూడా కుదరకపోవచ్చు. దయచేసి మీరు చేసి ఇవ్వకండి. ఎందుకు కుదరలేదని మాత్రం అడగండి. తప్పు ఎక్కడుందో వెతికే అలవాటు విల్బర్‌కు ఏ సర్టిఫికెట్ వల్లా రాలేదు. అమ్మ పనిముట్లు, నాన్న పుస్తకాలు, వాదించడానికి ఒక తమ్ముడు ఉన్న ఇంట్లోనే వచ్చింది.