పోయిన కుందేలు, దొరికిన రీలు

మిక్కీ మౌస్ ఎవరో తెలియని పిల్లలు మన బడిలో ఒక్కరు కూడా ఉండరు. ఆ ఎలుక కంటే ముందు ఒక కుందేలు ఉండేదని మాత్రం పెద్దవాళ్ళలో కూడా చాలామందికి తెలియదు. మాకు ఆ సంగతి తెలియడానికి కారణం ఒక పాత అట్టపెట్టె.

మన బడి కుటుంబాలలో ఒకరు గరాజ్ సేల్‌లో పాత ప్రొజెక్టరు ఒకటి, దానితోపాటు అరచేతిలో పట్టే చిన్న చిన్న సినిమా రీళ్ళు కొని తెచ్చారు. ఒక శనివారం పాఠాలయ్యాక కిటికీలకు తెరలు దించి, బోర్డు మీద తెల్ల పంచె కట్టి, ఆ రీళ్ళు వేసి చూశాం. ఒక్కొక్కటి మూడు నాలుగు నిమిషాలే. రంగులు లేవు, మాటలు లేవు, ప్రొజెక్టరు టకటకలే సంగీతం. అయినా అఆలు దిద్దే పిల్లల నుంచి మనవల కోసం వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యల దాకా అందరూ కడుపుబ్బ నవ్వారు. వాటిలో ఒకటి మిక్కీ బొమ్మ. దాన్ని ఎవరు తీశారు, ఇళ్ళలోకి ఎలా వచ్చిందని పిల్లలు అడిగారు. జవాబు కోసం వెతుకుతూ పోతే వాల్ట్ డిస్నీ కథ దొరికింది. అదే ఇక్కడ చెబుతున్నాం.

వాల్ట్ 1901 డిసెంబరు 5న చికాగోలో పుట్టారు. ఆయనకు నాలుగేళ్ళప్పుడు, 1906లో, కుటుంబం మిస్సోరి రాష్ట్రంలోని మార్సెలీన్ అనే చిన్న ఊరికి మారి వ్యవసాయం చేసింది. ఆ ఊరి డాక్టరుగారు ఒకరు తన గుర్రం బొమ్మ గీయించుకుని ఈ పిల్లవాడికి డబ్బులిచ్చారు. బొమ్మలు గీసి బతకవచ్చన్న ఆశకు అదే విత్తనం కావచ్చు. పొలం కలిసిరాలేదు. 1911లో కుటుంబం కాన్సస్ సిటీ చేరింది. అక్కడ వాల్ట్, ఆయన అన్న రాయ్ తెల్లవారకముందే లేచి, మంచులో కూడా ఇంటింటికీ పేపర్లు వేసేవారు. వాల్ట్ ఆ పని ఆరేళ్ళు చేశారు. అందుకే బడిలో కునికిపాట్లు పడేవారట.

1918లో వయసు ఎక్కువ వేసి చెప్పి రెడ్ క్రాస్‌లో చేరి, యుద్ధం ముగిశాక ఫ్రాన్సులో అంబులెన్సు నడిపారు. తిరిగివచ్చాక కాన్సస్ సిటీలో ఒక ప్రకటనల సంస్థలో పనిచేస్తుండగా అబ్ ఐవర్క్స్ అనే కుర్రవాడు పరిచయమయ్యాడు. ఇద్దరిదీ ఒకే ఈడు. ఐవర్క్స్ చెయ్యి చాలా వేగం. ఈ స్నేహం లేకపోతే మన కథే లేదు.

1922లో వాల్ట్ సొంతంగా లాఫ్-ఓ-గ్రామ్ అనే చిన్న సంస్థ పెట్టారు. బొమ్మలు తీయడం వచ్చింది కానీ డబ్బు రాబట్టడం రాలేదు. అద్దె కట్టలేక ఆఫీసులోనే పడుకుని, రైల్వే స్టేషన్లో స్నానం చేసిన రోజులున్నాయి. మరుసటి ఏడాది సంస్థ దివాళా తీసింది. ఇరవై ఒక్క ఏళ్ళ వాల్ట్ తన కెమెరా అమ్మి, నలభై డాలర్లు, పూర్తికాని ఒక బొమ్మల సినిమా రీలు వెంటబెట్టుకుని లాస్ ఏంజెలెస్ రైలెక్కారు. ఆ ఒక్క రీలు చూపించే 1923 అక్టోబరులో కొత్త ఒప్పందం సంపాదించారు. అన్న రాయ్‌తో కలిసి స్టూడియో మొదలుపెట్టారు.

1927లో ఆస్వాల్డ్ అనే కుందేలు పుట్టింది. పొడుగు చెవులు, చిలిపి పనులు. జనానికి బాగా నచ్చింది. ఏడాదిలోనే రెండు డజన్లకు పైగా ఆస్వాల్డ్ బొమ్మలు తీశారు. 1928 ఫిబ్రవరిలో వాల్ట్ మరికొంత డబ్బు అడగడానికి న్యూయార్క్ వెళ్ళారు. పంపిణీదారు చార్లెస్ మింట్జ్ ఎక్కువ ఇవ్వకపోగా, ఇచ్చేదే తగ్గిస్తానన్నాడు. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటుంది. బొమ్మలు గీసేవాళ్ళలో చాలామందిని అప్పటికే తనవైపు తిప్పుకున్నాడు. ఒప్పందం ప్రకారం కుందేలు హక్కులు వాల్ట్‌వి కావు, యూనివర్సల్ సంస్థవి. కన్నది ఒకరు, కాగితం ఇంకొకరి పేరున!

ఐవర్క్స్ మాత్రం వెళ్ళలేదు. ఒక గదిలో గుట్టుగా కూర్చుని, రోజుకు వందలకొద్దీ బొమ్మలు గీస్తూ కొత్త పాత్రకు ప్రాణం పోశాడు. ఆ పాత్రే మిక్కీ. మొదటి రెండు మిక్కీ బొమ్మలు మూకీలు, వాటిని కొనేవాళ్ళు దొరకలేదు. మూడోదానికి ధ్వని జోడించాలనుకుంటే మొదటిసారి రికార్డింగ్ చెడిపోయింది. వాల్ట్ తన కారు అమ్మించి మళ్ళీ చేయించారు. 1928 నవంబరు 18న న్యూయార్క్‌లో స్టీమ్‌బోట్ విల్లీ విడుదలైంది. తర్వాతి కథ అందరికీ తెలిసిందే: 1937లో స్నో వైట్, 1955లో డిస్నీలాండ్. ఆయన 1966 డిసెంబరు 15న కన్నుమూశారు.

ఆయన చేసినవన్నీ మెచ్చుకోదగినవి కావు. 1941లో జీతాలు, సంఘం హక్కు, తెర మీద పేరు కోసం ఆయన స్టూడియోలో బొమ్మలు గీసేవారే సమ్మె చేశారు. తన చేతి పని తనది కాకుండా పోతే ఎంత బాధో తెలిసిన మనిషి, అదే బాధ తన దగ్గర పనిచేసేవాళ్ళు చెప్పినప్పుడు వినలేకపోయారు. పిల్లలకు ఇది కూడా చెప్పాలనే మేము అనుకుంటున్నాం.

మరి చిన్న రీళ్ళ సంగతి? సినిమా హాళ్ళలో ఆడేది 35 మిల్లీమీటర్ల ఫిల్ము. ఆ రోజుల్లో అది నైట్రేట్‌తో చేసేవారు, నిప్పు తగిలితే భగ్గున మండేది. ఇళ్ళకు అది పనికిరాదు. అందుకని ఫ్రాన్సు పాథే సంస్థ 1922లో 9.5, అమెరికా కొడాక్ సంస్థ 1923లో 16, 1932లో 8 మిల్లీమీటర్ల ఫిల్ములను సులభంగా అంటుకోని అసిటేట్ మీద తెచ్చాయి. 1930లలో మిక్కీ బొమ్మలను కత్తిరించి, కుదించి, శబ్దం తీసేసి చిన్న రీళ్ళుగా అమ్మారు. యాభై అడుగుల 8 మిల్లీమీటర్ల రీలు సుమారు నాలుగు నిమిషాలు ఆడుతుంది. పిల్లలకు అదొక ఆటబొమ్మ.

పెద్ద రీళ్ళు చాలావరకు పాడైపోయాయి, కొన్నిటిని పారేశారు. ఆస్వాల్డ్ బొమ్మల్లో కొన్ని అసలు లేవనే అనుకున్నారు. 2006లో డిస్నీ సంస్థ ఒక ప్రసిద్ధ క్రీడా వ్యాఖ్యాతను ఎన్‌బీసీకి వదులుకుని, బదులుగా కుందేలు హక్కులు తిరిగి తెచ్చుకుంది. హక్కులు వచ్చాయి, బొమ్మలన్నీ మాత్రం రాలేదు. 2014లో ఒకటి నార్వే జాతీయ గ్రంథాలయంలో, 2015లో మరొకటి బ్రిటన్‌లో బయటపడ్డాయి. 2018లో వెలుగులోకి వచ్చిన ఇంకొకటి జపాన్‌లోని ఒక పెద్దాయన ఇంట్లో ఉంది. ఆయన చిన్నప్పుడు ఒసాకాలో ఆటవస్తువులు అమ్మేవారి దగ్గర కొన్న 16 మిల్లీమీటర్ల చిన్న రీలు అది. దాని మీద పేరు మిక్కీదని ఉండడంతో, లోపల ఉన్నది కుందేలని దశాబ్దాల పాటు తెలియలేదు. అసలు అయిదు నిమిషాల బొమ్మలో రెండు నిమిషాలు మిగిలింది. అంత పెద్ద సంస్థ నిలుపుకోలేనిది ఒక పిల్లవాడి పెట్టెలో నిలిచింది!

అందుకే మా మనవి ఒకటి. మీకు పాత రీలు దొరికితే వెంటనే ప్రొజెక్టరులో పెట్టకండి (మేము తొందరపడి పెట్టాం, అదృష్టం కొద్దీ తెగలేదు). ముందు వాసన చూడండి. వెనిగర్‌లా పుల్లగా ఉంటే అసిటేట్ చెడుతున్నట్టు. అలాంటి ఫిల్ము కుంచించుకుపోతుంది, ప్రొజెక్టరు పళ్ళకు పడి చిరుగుతుంది. చల్లగా, పొడిగా ఉండేచోట దాచి, తెలిసినవారి చేత కంప్యూటరులోకి ఎక్కించుకోండి. పైన చీటీ మీద రాసిందే లోపల ఉందని నమ్మకండి.

పిల్లలూ! ఈసారి సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు అటక మీది పెట్టెలు కూడా ఒకసారి దింపించండి. కుందేలు దొరక్కపోవచ్చు. మీ ముత్తవ్వ పాడిన పాట ఉన్న క్యాసెట్టు దొరకవచ్చు. దాన్ని పారేయనివ్వకండి. తెచ్చి మా అందరికీ వినిపించండి. పంచె కట్టి, కిటికీలు మూసి, మేము సిద్ధంగా ఉంటాం.