అబ్రహాము లింకను

అబ్రహాము లింకను 1809వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున, కొయ్యదుంగలతో కట్టిన చిన్న యింటిలో జన్మించెను. తండ్రి థామసు వ్యవసాయముతోపాటు వడ్రంగపు పనియు చేయుచుండెడివాడు. లింకనునకు ఏడేండ్ల వయసున ఆ కుటుంబము ఇండియానా అడవులకు తరలిపోయెను. తొమ్మిదవ యేట తల్లి మరణించెను. సవతితల్లి సారా అతనిని కన్నకొడుకువలె పెంచి, చదువునందు అతనికి గల ఆసక్తిని ప్రోత్సహించెను. అతడు పాఠశాలకు వెళ్లిన దినములన్నియు కలిపినను ఒక సంవత్సరము నిండదు. గొడ్డలి చేతబట్టి చెట్లు నరకుచు, తీరిక దొరకినప్పుడెల్ల ఎరవు తెచ్చుకొన్న పుస్తకములు చదువుచు అతడు పెరిగి పెద్దవాడయ్యెను.

1830లో వారు ఇల్లినాయి రాష్ట్రమునకు చేరిరి. అచ్చట లింకను దుకాణము నడిపెను, తపాలా ఉద్యోగము చేసెను, భూములు కొలిచెను. ఎవరి సహాయమును లేకుండ న్యాయశాస్త్రము చదివి 1836లో న్యాయవాది పట్టా పొందెను. నాలుగు పర్యాయములు రాష్ట్ర శాసనసభకును, ఒక పర్యాయము దేశ ప్రతినిధి సభకును ఎన్నికయ్యెను.

ఆ కాలమున అమెరికా దక్షిణ రాష్ట్రములలో బానిసత్వము చట్టసమ్మతమై యుండెను. మనుష్యులను పశువులవలె అమ్ముటయు కొనుటయు జరుగుచుండెను. 1854లో చేయబడిన యొక చట్టము ఈ దురాచారము క్రొత్త ప్రాంతములకు వ్యాపించుటకు దారి తెరచెను. దాని నెదిరించుటకై రిపబ్లికను పక్షము పుట్టెను. లింకను గూడ ఆ ప్రయత్నమునకు పూనుకొనెను.

1855లో సెనేటు సభ్యత్వమునకు జరిగిన పోటీలో మొదట అందరికంటె ఎక్కువ వోట్లు లింకనునకే వచ్చెను. కాని గెలుపునకు అవి చాలకుండెను. పోటీ సాగినకొలది ప్రతిపక్షమువారు గెలుతురను భయము కలిగెను. అంతట లింకను తనకంటె చాల తక్కువ బలముగల ట్రంబులు అను వానికి తన వోట్లను ఇప్పించి గెలిపించెను. ట్రంబులు గూడ బానిసత్వ వ్యాప్తిని వ్యతిరేకించువాడే. తాను ఓడినను ఆశయము ఓడరాదని లింకను తలచెను. 1858లో డగ్లసుతో ఏడు వాదసభలు జరిపి, మరల సెనేటు పోటీలో ఓడిపోయెను. అయినను ఆ వాదములవలన అతని పేరు దేశమంతట వ్యాపించెను.

1860లో అధ్యక్షుని ఎన్నిక వచ్చెను. ప్రతి పక్షమును మొదట తన అభ్యర్థిని ఎన్నుకొనవలెను. అందులకై రిపబ్లికను పక్షపు ప్రతినిధులు మే నెలలో చికాగో నగరమున సమావేశమైరి. న్యూయార్కు సెనేటరు సూవర్డు అందరిలో అగ్రగణ్యుడు. ఒహాయోకు చెందిన చేజు, మిస్సోరికి చెందిన బేట్సు, పెన్సిల్వేనియాకు చెందిన కామెరాను గూడ ఆ పదవిని కోరిరి. వీరితో పోల్చిచూడగా లింకను పదవులలో చిన్నవాడు. అందుచేత అతడు ఎవ్వరిని నొప్పింపక, తమ నాయకుడు గెలువనిచో లింకను గెలిచినను మేలేయని ఇతరుల అనుచరులు తలచునట్లు మెలగెను.

గెలుపునకు 233 వోట్లు కావలసియుండెను. అరవోట్లు గూడ లెక్కలోనికి వచ్చుచుండెను. మొదటి విడత సూవర్డునకు 173½, లింకనునకు 102 వచ్చెను. రెండవ విడత సూవర్డునకు 184½, లింకనునకు 181 వచ్చెను. మూడవ విడత లింకనునకు 231½ రాగా, ఒహాయో ప్రతినిధులు నలుగురు తమ వోట్లను అతనివైపు మార్చిరి. సభ జయధ్వానములతో మారుమ్రోగెను. ఆ సమయమున లింకను చికాగోలో లేడు; తన ఊరగు స్ప్రింగుఫీల్డులో తంతివార్త ద్వారా ఈ సంగతి తెలిసికొనెను.

నవంబరు 6వ తేదీన అతడు అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. అతడు పదవి స్వీకరించులోపలనే ఏడు దక్షిణ రాష్ట్రములు దేశమునుండి విడిపోయినట్లు ప్రకటించెను. దేశము చీలిపోవు ఆ సమయమున అతడు తనతో పోటీచేసినవారినే చేరబిలిచెను. సూవర్డును విదేశాంగమంత్రిగను, చేజును ఆర్థికమంత్రిగను, బేట్సును న్యాయశాఖకును, కామెరానును యుద్ధశాఖకును నియమించెను. సమర్థులను పగవలన దూరము చేసికొనుట దేశమునకు నష్టమని అతని భావము.

ఆ మార్గము సులభము కాదు. 1861 ఏప్రిలులో సూవర్డు, ప్రభుత్వమును నడపు భారము తాను వహింపగలనని సూచించుచు లింకనునకు లేఖ వ్రాసెను. అది అధ్యక్షుని తక్కువచేయు మాట. లింకను ఆగ్రహింపలేదు, ఎవ్వరితోడను చెప్పలేదు, తన బాధ్యత తనదేయని శాంతముగా స్పష్టపరచెను. నాటినుండి సూవర్డు అతనికి ఆప్తమిత్రుడయ్యెను. 1862 జూలైలో లింకను బానిసల విముక్తి ప్రకటనను మంత్రులకు చదివి వినిపించెను. యుద్ధమున ఒక విజయము కలిగినపిదప ప్రకటించుట మేలని సూవర్డు సలహా యిచ్చెను. లింకను దానిని మన్నించెను. సెప్టెంబరులో యాంటీటము యుద్ధము ముగిసిన యైదుదినములకు తన సంకల్పమును వెల్లడించెను. 1863 జనవరి 1వ తేదీన, తిరుగుబాటు చేసిన ప్రాంతములలోని బానిసలు స్వతంత్రులని ప్రకటింపబడెను.

చేజు మాత్రము మంత్రిగా నుండియే, 1864 ఎన్నికలో లింకను స్థానమును తాను పొందవలెనని యత్నించెను. ఆ యత్నము ఫలింపలేదు. కొన్ని నెలలకు చేజు పదవిని వీడెను. అయినను న్యాయశాస్త్రమున అతని ప్రతిభను, బానిసత్వముపై అతని వ్యతిరేకతను ఎరిగిన లింకను, ఆ సంవత్సరము డిసెంబరులో అతనిని దేశ ప్రధాన న్యాయమూర్తిగా నియమించెను. 1865 మార్చి 4వ తేదీన లింకను చేత రెండవసారి ప్రమాణము చేయించినవాడు ఆ చేజే.

ఏప్రిల్ 9వ తేదీన దక్షిణ సేనాని లీ లొంగిపోయెను. ఐదుదినములకే నాటకశాలలో ఒక హంతకుడు లింకనును కాల్చెను. మరునాటి ఉదయము అతడు కన్నుమూసెను. అదే రాత్రి మరియొక హంతకుడు సూవర్డును కత్తితో పొడిచెను. సూవర్డు బ్రతికి బయటపడెను. ఆ సంవత్సరాంతమునకు రాజ్యాంగ సవరణమువలన బానిసత్వము దేశమంతట రద్దయ్యెను.

పోటీలో గెలుచుట పలువురకు సాధ్యము. గెలిచినపిదప ఓడినవారి యోగ్యతను గుర్తించి, వారితో కలిసి దేశమునకు సేవచేయుట గొప్ప మనసు గలవారికే సాధ్యము. లింకను అట్టి మహనీయుడు.